బండి ఎక్కితే గొడవే

“ఆ అలమార తలుపుకి పచ్చరంగు ఎవరు వేయమన్నారండీ?”

వ్యాను ఇంకా వీధి మలుపు తిరగనేలేదు, పక్క సీట్లోంచి భార్య మొదలుపెట్టింది. లాండ్రీ ఆయన పళ్ళు బిగించాడు. తెల్లవారకముందే లేచి, నలభై దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, రెండు మెతుకులు నోట్లో వేసుకుని బయలుదేరాడు. పక్క ఊరి ఆసుపత్రికి నాలుగింటికల్లా అందకపోతే ఈ పని ఇంకొకరి చేతికి పోతుంది. నడుము విరిగిపోతోంది. ఈ సమయంలో అలమార.

“ఆ రంగు వేసి ఆరేళ్ళయింది,” అన్నాడు.

“ఆరేళ్ళ నుంచీ చూడలేక చస్తున్నాను.”

పాతికేళ్ళ కాపురంలో ఇంత నోరున్న మనిషి కాదు. ఏమన్నా తలూపి ఊరుకునేది. ఇదంతా పోయిన నెల నుంచే. ఆ రోజు అతను ఒక్క క్షణం రెప్ప వాల్చేసరికి వ్యాను రోడ్డు దిగి, మైలురాయికి జానెడు దూరంలో ఆగింది. గుంతలో పడిందన్నాడు అతను. నిద్రపోయారంది ఆమె. దారిలో కాసేపు ఆపి పడుకోమంది. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నవాడికి నిద్రేమిటని అతను కసిరాడు. మర్నాటి నుంచి “నేనూ వస్తాను” అని ముందుసీట్లో ఎక్కి కూర్చుంటోంది. ఎక్కింది మొదలు దిగేదాకా ఒకటే సతాయింపు. ఇంట్లో మాత్రం మామూలే, పిలిస్తే తప్ప పలకదు. బండి ఎక్కగానే ఏ దయ్యం పడుతుందో మరి.

పెట్రోలు బంకు దాటగానే అతని తమ్ముడి పెళ్ళి ఎత్తుకుంది.

“అందరూ కలిసి దిగిన ఫొటోలో నా ముఖం సగమే పడింది.”

“ఫొటో తీసింది నేనా?”

“నన్ను చివర నిలబెట్టింది మీరేగా.”

“తల్లీ, నీకో దండం. ఇంకొక్క మాట మాట్లాడావంటే ఇక్కడే దింపేస్తా.”

ఆమె నోరు మూసుకుంది. దుప్పట్ల లెక్క రాసే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాడు. రైలు గేటు వచ్చింది, దాటింది. ఆ తర్వాతంతా తిన్నటి రోడ్డు. ఎండ అద్దంలోంచి వెచ్చగా ఒళ్ళో పడింది. ఇంజను ఒకటే రొద. మెడ బరువెక్కింది. రోడ్డు మీది తెల్లగీత రెండుగా చీలింది.

“మీ అక్కయ్య నన్ను మూగమొద్దు అన్నప్పుడు మీరు పక్కనే ఉండి నవ్వారు.”

అతని ఒళ్ళు భగ్గుమంది. కళ్ళు విప్పేసరికి ఎదురుగా లారీ. స్టీరింగు ఎడమకి లాగేశాడు. లారీ హారను చెవులు చిల్లులు పడేలా మోగి వెనక్కి పోయింది.

“చూశావా, నీ గోలకి ప్రాణాల మీదికొచ్చింది. అయినా నేనెప్పుడు నవ్వాను?”

“నవ్వారు. పళ్ళు కూడా కనిపించాయి.” ఆమె పుస్తకాన్ని గుండెకు గట్టిగా హత్తుకుంది, అయినా ఆపలేదు.

“మా అక్క జోలికి రాకు. దాని మనసు వెన్న.”

“వెన్నే. నోరే నిప్పులకుంపటి.”

ఆసుపత్రి గేటు దాకా అక్కయ్య పురాణమే. నాలుగింటికి పది నిమిషాలుండగా వ్యాను ఆగింది. ఆమె పుస్తకం సీటు మీద పెట్టి దిగి, ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది.

ఆసుపత్రి స్టోరు గుమాస్తా బయటికొచ్చాడు. “దుప్పట్లు ఎన్ని తెచ్చారు?”

“పుస్తకంలో రాసుంటుంది, ఉండండి.”

“రోజూ ఆవిడ కూడా ఎందుకండీ, ఇంత దూరం?”

“నా ప్రాణం తీయడానికి,” అంటూ అతను సీటు మీది పుస్తకం అందుకున్నాడు. విసురుగా తీసేసరికి అది చివరి పేజీ దగ్గర తెరుచుకుంది. అక్కడ దుప్పట్ల లెక్క లేదు. ఆమె గుండ్రటి అక్షరాలతో, ఇవాళ్టి తేదీ కింద, ఒకే ఒక్క వాక్యం ఉంది.

‘రైలు గేటు దాటాకే ఆయనకు కునుకొస్తుంది, అక్కయ్య మాట అక్కడికి దాచాలి.’