షేర్ హెలికాప్టర్‌లో పెళ్లిబుట్ట

నరసరావుపేట స్టాండులో షేర్ హెలికాప్టర్ రెక్కలు గిరగిరా తిరుగుతున్నాయి గాని, బండి నేల వదలడం లేదు. నలుగురు పట్టే చోట ఎనిమిదిమంది ఇరుక్కుని కూర్చున్నారు. బసవపున్నయ్య ఒళ్లో వెదురుబుట్ట ఉంది. మేనకోడల్ని అందులో కూర్చోబెట్టి పెళ్లిపీటల దాకా మోయాల్సిన మేనమామ ఆయనే. ముహూర్తం ఇంకో గంటలో ఉంది.

"విమానమైతే టిక్కెట్టు సగమే. పడిపోవడం కూడా తక్కువేనంట," అని గొణిగాడాయన.

"మరి దాంట్లోనే పోవాల్సింది బాబాయ్. అదొచ్చి మీ పందిరి ముందు దించుద్దా?" అన్నాడు డ్రైవర్ మస్తాన్. "బరువెక్కువైంది. ఎవరన్నా ఒకరు దిగండి."

ఎవరూ కదల్లేదు. వెనక కూర్చున్న ముసలావిడ ఆ బుట్ట దించెయ్యమంది.

"బుట్ట లేకుండా నేనెళ్లి ఏం చేసేది పెద్దమ్మా?" అంటూ బసవపున్నయ్య సీట్ల కిందికి చూశాడు. ప్రాణాలు కాపాడతాయని సర్కారువారు పట్టుబట్టి పెట్టించిన పారాచూట్లు అక్కడున్నాయి. "ఇవి దించితే సరిపోదూ?"

ఆ మాట అందరికీ నచ్చింది. తలా ఒకటి లాగి సంతోషంగా కిందికి అందించారు. హెలికాప్టర్ తేలిగ్గా లేచింది.

బుట్టను వాటేసుకుని బసవపున్నయ్య అడిగాడు, "ముహూర్తం అందుకుంటామంటావా మస్తాన్?"

"లేవడమే కష్టం బాబాయ్. దిగడానికేముంది, ఎట్టాగైనా దిగుతాం."