మంటలు లేని ఏడాది

జోఫ్కా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎండిన చిక్కుడుకాయలు ఒలుస్తుండగా బోగోమిర్ వచ్చాడు. టోపీ కూడా తీయకుండా చెప్పాడు.

"సోమవారం పొద్దున వచ్చి బండి తోలుకుపోతారట."

కిటికీ దగ్గర కూర్చున్న ఆమె భర్త అల్బిన్ తల తిప్పలేదు. జోఫ్కా అతని వైపు ఒకసారి చూసి మళ్ళీ కాయ చేతిలోకి తీసుకుంది.

బండి అంటే ఆ శివారు జనం కూడబెట్టి కొనుక్కున్న ఎర్ర ఫైరింజన్. వాళ్ళ స్వచ్ఛంద అగ్నిమాపక సంఘానికి బోగోమిర్ అధ్యక్షుడు, అల్బిన్ కమాండర్. జీతం లేని కొలువులు. సైరన్ మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తడమే.

నగరం పెరిగి పెరిగి వాళ్ళ గడపదాకా వచ్చింది. అక్కడ జీతాలు తీసుకునే అగ్నిమాపక దళం ఉంది. ఏడాది మొత్తంలో ఒక్క మంటైనా ఆర్పని సంఘానికి సొంత బండెందుకని పైవాళ్ళు అడిగారు. రేపటితో ఆ ఏడాది నిండుతుంది. బండి పోతే సంఘమూ పోయినట్టేనని అందరికీ తెలుసు.

మంటలు లేకుండా చేసింది అల్బినే. ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి పొగగొట్టాల్లో మసి దులిపించాడు. పాత కరెంటు తీగలు పీకించాడు. పచ్చిగడ్డి కొట్టంలో కుక్కితే లోపల మగ్గి అంటుకుంటుందని, అలా వేసినవాళ్ళని నడిబజారులో నిలబెట్టి తిట్టాడు. వాళ్ళు విన్నారు. ఈ ఏడంతా సంఘానికి దొరికిన పనల్లా నీళ్ళు నిండిన నేలమాళిగలు తోడటం, చెట్టెక్కిన పిల్లిని దించడం.

"పిల్లి లెక్కలోకి రాదట," అన్నాడు బోగోమిర్ కుర్చీ లాక్కుంటూ. "అడిగాను."

ఎవరూ నవ్వలేదు. అతనే పాత సీసాలోంచి రేగుపళ్ళ సారా రెండు గ్లాసుల్లో పోశాడు. రెండూ అలాగే ఉండిపోయాయి.

సంఘం చరిత్ర పుస్తకంగా వేయాలని బోగోమిర్ రెండేళ్ళుగా రాస్తున్నాడు. ఒక్క మధ్యాహ్నంలో వీధంతా కాలిపోయిన తర్వాత అల్బిన్ ముత్తాత చర్చి మెట్ల మీద నిలబడి సంఘం పెట్టడం దగ్గర మొదలుపెట్టి, గుర్రాలు లాగిన చేతిపంపు, యుద్ధంలో మగవాళ్ళు లేనప్పుడు ఆడవాళ్ళు అందించిన బకెట్లు, అన్నీ రాశాడు. ఇక ఆఖరి పేజీ మిగిలింది. అందులో ఏం రాయమంటావని కమాండర్‌ని అడిగాడు.

"ఉన్నదే రాయి," అన్నాడు అల్బిన్. "పని మరీ బాగా చేశారు, అందుకని మూసేశారని."

అప్పుడు సైరన్ మోగింది.

అల్బిన్ ఎప్పుడు లేచాడో జోఫ్కాకి తెలియలేదు. కుర్చీ వెనక్కి పడింది. అతను గుమ్మం దగ్గర ఒక బూటు తొడిగేసి రెండోది అందుకుంటున్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది. పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టున్నాడు.

"కమాండరూ," అన్నాడు బోగోమిర్ మెల్లగా. "ఇవాళ నెలలో మొదటి శనివారం. మధ్యాహ్నం సైరన్ మోగించి పరీక్షించే రోజు."

 అల్బిన్ బూటు విప్పి, రెండూ జతగా సర్ది, పడిన కుర్చీ లేపి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. సైరన్ ఆగిపోయింది. అతని మొహం మళ్ళీ పొద్దుటిలాగే అయిపోయింది.

వసంతకాలంలో బండి సంగతి తెలిసినప్పటినుంచీ అతను ఇలాగే ఉన్నాడు. సూప్ ముందు పెడితే చల్లారిపోతుంది. పడుకోమంటే పడుకుంటాడు, నిద్రపోడు. పిలిస్తే పలుకుతాడు, అంతే.

 బోగోమిర్ జోఫ్కా వైపు తిరిగాడు.

"నీకైతే పండగే జోఫ్కా. ఇన్నాళ్ళకి మొగుడు ఇంటిపట్టున ఉంటాడు."

ఆమె ఇంకో కాయ ఒలిచింది. సైరన్‌తో ఆమె పగ ఆ శివారంతా ఎరిగినదే. పెళ్ళి విందులో మాంసం వడ్డించగానే అది మోగితే పెళ్ళికొడుకు కంచం ముందునుంచి లేచి పరుగెత్తాడు. కూతురు పుట్టినప్పుడూ అంతే. ఎన్నో క్రిస్మస్‌లు ఆమె ఒక్కతే బల్ల ముందు కూర్చుని భోంచేసింది. ఆ పాడు కూతగొట్టాన్ని ఊడబెరికి ద్రావా నదిలో పారేస్తానని ఆమె అనని ఏడు లేదు.

"రేపటిలోగా ఒక్కటి," అన్నాడు బోగోమిర్ గ్లాసులోకి చూస్తూ. "చిన్నదే... ఎవరికీ ఏమీ కాకుండా..." మధ్యలోనే ఆపేసి శిలువ గీసుకున్నాడు. "అనకూడదు."

"అనకూడదు," అన్నాడు అల్బిన్. ఆ వేళ అతని గొంతు పెరగడం అదే మొదలు. "అనుకోనూ కూడదు. ఈ చేతులతో ఆర్పడమే గాని అంటించడం లేదు, బోగో. మన సంఘంలో ఎవడైనా ఆ పని చేశాడంటే వాణ్ణి నేనే పట్టిస్తాను."

"నేనేదో మాటవరసకి..."

"మాటవరసకి కూడా వద్దు."

బోగోమిర్ తల వంచుకున్నాడు. సంఘం సభ్యుల్లో అలాంటివాడు లేడని ఇద్దరికీ తెలుసు. ఉండి ఉంటే బాగుండునని కూడా ఇద్దరూ అనుకుంటున్నట్టే ఉన్నారు. అల్బిన్ మళ్ళీ కిటికీ వైపు తిరిగి, ఏమీ లేని రోడ్డుని చూడసాగాడు.

జోఫ్కా సగం కాయలు అలాగే వదిలేసి లేచింది. అతని భుజం మీదుగా బయటికి చూసింది. పొరుగింటి పొగగొట్టంలోంచి వచ్చే పొగ నది వైపు వాలుతోంది. అటు ఇళ్ళు లేవు.

ఆమె సంఘంలో సభ్యురాలు కాదు, ఏనాడూ చేరలేదు.

పొయ్యి పక్కనుంచి అగ్గిపెట్టె తీసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఆవుని అమ్మేశాక ఖాళీగా పడున్న తమ గడ్డికొట్టం వైపు బయల్దేరింది.