పెద్ద డాక్టరుగారి హస్తవాసి

"ఏమ్మా, మళ్లీ తయారయ్యావా?"

పెద్ద డాక్టరు గొంతుకి వార్డంతా ఉలిక్కిపడింది.

ఏడో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలావిడ మెల్లగా లేచింది. చేతిలో చిన్న కప్పు. అందులో సగానికి పలచటి జావ.

మంచం మీద ఉన్నది ఓ దర్జీ. క్యాన్సరని జీర్ణాశయం మొత్తం తీసేసి, గొంతు నుంచి వచ్చే గొట్టాన్ని నేరుగా పేగుకి కలిపి కుట్టి అప్పటికి ఆరు రోజులు.

"ఈయన నీకేమవుతాడు?"

"ఏమీ కాడు బాబూ."

"మరి నీకిక్కడేం పని?"

"ఎలా తినాలో నాలుగు ముక్కలు చెబుదామని..."

"చెప్పడానికి ఇంతమందిమి ఏడిశాం కదా! నువ్వేమన్నా డాక్టరువా? నర్సువా?"

"ఏమీ కాదు బాబూ."

ఆవిడకి వార్డులో అరకప్పమ్మ అని పేరు. అరకప్పే తిను, తిన్నాక అరగంట కూర్చో, వెంటనే నీళ్లు తాగకు, మళ్లీ రెండు గంటలకి ఇంకో అరకప్పు. పొద్దస్తమానం ఇదే పాట. తొమ్మిదేళ్లుగా విజిటింగ్ టైముకి ఠంచనుగా దిగుతుంది. ఇంటికి వెళ్లిపోయిన పేషెంట్లనీ వదలదు. వార్డులో ఉండగానే అడ్రసు అడిగి పెట్టుకుని, వెతుక్కుంటూ వెళ్లి మరీ వాళ్ల పీకల మీద కూర్చుంటుంది.

ఇక పెద్ద డాక్టరంటారా, ఆయన పేరు మారుమోగిపోతోంది. పొట్ట తీసేసినా ఆయన పేషెంట్లు బతికి బట్టకడతారు, చెకప్‌కి ఠీవిగా నడిచొస్తారు. ఆ హస్తవాసే వేరని జనం అన్నారు. ఆయనా నమ్మేశాడు. నెల తిరిగితే దేశదేశాల సర్జన్ల సభలో ఆ ఘనతంతా వినిపించాలి. ఇలాంటప్పుడు ఊరూపేరూ లేని ఓ ముసల్ది వార్డులో కప్పు పట్టుకు తిరగడమేమిటి?

"ఇన్ఫెక్షనొస్తే ఎవరిదమ్మా బాధ్యత? వాచ్‌మన్! రేపటి నుంచి ఈవిణ్ణి గేటు దాటనిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది."

దర్జీ నీరసంగా చెయ్యెత్తాడు. "ఉండనివ్వండి సార్. ఆవిడుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది."

"కోసింది నేనయ్యా. ఆ ధైర్యమేదో నన్ను చూసి తెచ్చుకో!"

జూనియర్లందరూ నవ్వారు. పెద్దాయన జోకేస్తే నవ్వక చస్తారా?

అరకప్పమ్మ కప్పుని దర్జీ భార్య చేతిలో పెట్టింది. "మిగతాది రేపు చెబుతానమ్మా" అని వెళ్లిపోయింది.

మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. ఆ మర్నాడూ అంతే.

వారం తిరక్కుండా దర్జీ తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. పెద్ద డాక్టరు మురిసిపోయి రిజిస్టరులో తనే టిక్కు పెట్టాడు. నడిచి గుమ్మం దాటితే ఆపరేషన్ గెలిచినట్టే, ఆ విభాగంలో మొదటి నుంచీ అదే పద్ధతి. గుమ్మం అవతల ఏమైందో రాసుకోవడానికి ఆ రిజిస్టరులో గడే లేదు.

రెండు నెలల తర్వాత దర్జీ భార్య ఒక్కతే వచ్చింది.

"మీ ఆయన రాలేదేం?"

"పోయారండీ."

"పోవడమేమిటి? కుట్లు బ్రహ్మాండంగా అతుక్కున్నాయి కదా!"

"కుట్లు బాగానే ఉన్నాయండీ. మనిషే లేడు."

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టాడు.

"చిక్కిపోయారు కదా అని కడుపునిండా పెట్టానండీ. కడుపే లేని మనిషికి! తిన్న పావుగంటకల్లా ఒళ్లంతా చెమటలు, గుండెదడ, వాంతులు. పది రోజులు పోయేసరికి కంచం చూస్తేనే వణికిపోయేవారు. ఇక ముద్ద ముట్టలేదు. ముప్పై ఎనిమిది కిలోలకి దిగిపోయారు."

"నాకు చెప్పొద్దూ?"

"రెండుసార్లు వచ్చాం. మీరు సభకి వెళ్లారన్నారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మిగతాది చెబుతానన్న పెద్దావిడ ఏదండీ? ఆవిణ్ణెందుకు రానివ్వలేదు?"

ఆమె వెళ్లాక డాక్టరు హెడ్ సిస్టర్ని పిలిచాడు.

"ఇలా ఇంకెవరైనా పోయారా?"

"ఈ రెండు నెలల్లో ఇది మూడోది సార్."

"అంతకుముందు?"

"ఆవిడ తిరిగిన తొమ్మిదేళ్లలో నాకు తెలిసి ఒక్కటీ లేదు."

పెద్ద డాక్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆవిణ్ణి పిలిపించు సిస్టర్. క్షమించమని నేనే అడుగుతాను. ఉద్యోగమిద్దాం, తెల్లకోటిద్దాం, ఏం కావాలంటే అదిద్దాం."

"నిన్ననే ఇంటికి వెళ్లి బతిమాలాను సార్. రానంది. 'ఆ దర్జీని చూసొస్తానని, పోనీ అడ్రసైనా కనుక్కోమని వాచ్‌మన్ కాళ్లు పట్టుకున్నాను. ఇంక నావల్ల కాదమ్మా' అని తలుపేసుకుంది."

"ఇంతకీ ఎవరావిడ? ఎక్కడైనా ఆస్పత్రిలో పనిచేసిందా?"

సిస్టర్ తటపటాయించింది.

"మీరు మొట్టమొదట పొట్ట తీసిన పేషెంటు గుర్తున్నాడా సార్?"

"భలే అడిగావు! బస్సు డ్రైవరు. ఎనిమిదో రోజుకే ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. మొన్న సభలో కూడా ముందు ఆయన గురించే చెప్పాను. అయితే?"

"ఇంటికెళ్లిన నలభయ్యో రోజున, ఇలాగే కడుపునిండా పెట్టిపెట్టి, ఆ డ్రైవర్ని చేజేతులా పోగొట్టుకున్న భార్య సార్ ఆవిడ."