పదహారో నంబరు చోట

ఒక ముద్దాయి బెదిరించాక, జడ్జి డోరీన్ చట్టప్రకారం అర్జీ పెట్టుకుని తన చిరునామాను కౌంటీ రికార్డుల్లోంచి తీసేయించుకుంది.

"అక్కా, ఇక నీ ఇల్లు దెయ్యాలకు కూడా దొరకదులే!" ఫోన్లో తమ్ముడు వెండెల్ నవ్వాడు.

"దొరికినన్నాళ్లూ నువ్వు మాత్రం వచ్చావేంట్రా?"

ఫోను పెట్టేసరికి తలుపు కింద కాగితం. ఆ వీధి ఇళ్ల జాబితా. కౌంటీ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఆమె ఇంటి వైపువన్నీ సరి సంఖ్యలే. పద్నాలుగుకు యజమాని పేరుంది. పద్దెనిమిదికీ ఉంది. నడుమ తన పదహారు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. వీధి మొత్తానికి ఖాళీ అదొక్కటే. అందులో ఎవరో సిరాతో చిన్న తలుపు గీశారు. ముట్టుకుంటే తడి సిరా వేలికంటింది.

తలుపు సందులోంచి వరండా దీపం వెలుగు పడుతోంది. మనిషి మెదిలితే వెలిగి, నిమిషంలో ఆరిపోయే దీపమది. డోరీన్ అరవై లెక్కపెట్టింది.

ఆరలేదు.