పోయొస్తా

“చూసినావా మాణిక్కం? ఏప్రిల్‌లో ఓడిపోయినోడు ఇప్పుడు బెల్టు తిరిగి గెలుచుకున్నాడు. ఓడితే తనకు మళ్ళా ఒక ఆట ఇయ్యాలని ముందే కాగితం రాయించుకున్నాడంట.”

అంజనప్ప టీవీ ఆపేశాడు. ముప్పై ఏళ్ల కిందట ధర్మపురి హెవీవెయిట్ బాక్సింగ్ పోటీలో తనను పడగొట్టిన రాజమాణిక్కం, నల్లంపల్లిలోని ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

“ఓడినోళ్లందరికీ మొదటినుంచీ అట్లాంటి కాగితం ఉండింటే, ఎంతమంది ఛాంపియన్ల పేర్లు మారిపోయుండునో! నాదీ ఒక పేరుండును.”

“నువ్వు మాటిచ్చినావు గదన్నా. రింగు దిగతా ‘పోయొస్తా’ అంటివి.”

“యాడికి కదిలినా అందరూ అనే మాట గదరా అది!”

“తెలుసు. అయినా ఏడాదంతా చేతులకు గుడ్డ చుట్టుకొని కాచుకోనుంటిని. ఈ చుట్టుపక్కల మన బరువు మనిషి ఇంకెవడున్నాడు? నువ్వు రాలేదు. నేనూ ఆట వదిలేస్తిని.”

ఆ పోటీ తర్వాత ఆట మాని తానొక్కడే ఇంట్లో కూర్చుండిపోయాడని అంజనప్ప ఇన్నేళ్లూ అనుకున్నాడు.

తన ఊరు బొమ్మిడికి పోయే బస్సుకు వేళయిందని రాజమాణిక్కం లేచి చెప్పులు వేసుకున్నాడు. “పోయొస్తా అన్నా.”

ఎవరూ ఎదురు ప్రశ్న వేయని మాట అది. అంజనప్ప గడప దాటి అతని వెనకే వచ్చాడు.

“ఎప్పుడు?” అని అడిగాడు.