గైడు వద్దు!

"ఈ కోటలో ఎవరూ పడిపోలేదమ్మా," అన్నాడు టికెట్ల కిటికీలోని మనిషి, తలెత్తకుండానే.

"పోయిన వానాకాలం గోడ బాగుచేస్తూ పడిపోయాడు. నేను వాడి అక్కని. నాకే చెప్తున్నారా పడలేదని?"

"నేను కొత్తగా వచ్చాను. వెనక జనం ఉన్నారు, జరగండి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

కుట్టుమిషను కొట్టు మూసుకుని, రెండు బస్సులు మారి ఈ కొండకొమ్ముకు వచ్చింది కోట అందాలు చూడటానికి కాదు.

తమ్ముడి శవాన్ని అప్పగిస్తూ మేస్త్రీ "పడగానే పోయాడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. అమ్మ నమ్మలేదు.

"నన్ను పిలిచాడో, నీళ్ళే అడిగాడో... ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. కనుక్కుని రావే," అని అప్పట్నుంచీ ఒకటే పోరు.

గేటు దగ్గర కాపలాదారుని అడిగింది. అతను అటూ ఇటూ చూసి, "ఆఫీసులో కనుక్కోండి," అన్నాడు.

ఆఫీసుకు తాళం.

ఈలోగా గైడ్లు ఈగల్లా ముసిరారు. రాణిగారి గది చూపిస్తానని ఒకడు, ఫిరంగి పక్కన ఫొటో తీస్తానని ఇంకొకడు. అందరినీ విదిలించుకుని గోడవైపు నడిచింది.

వెనకనుంచి ఎవరో కాలు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు.

"అమ్మా..."

బక్కపలచటి మనిషి. నెత్తిమీద తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

"గైడు వద్దు," అంది.

"గైడుని కాదమ్మా. మీరు అడిగిన ఆ గోడ..."

"గోడ నాకు కనపడుతూనే ఉంది. కళ్ళున్నాయి."

అతను ఆగిపోయాడు. కానీ వెళ్ళలేదు.

కొత్తగా కట్టినంత మేర రాయి తెల్లగా తెలిసిపోతోంది. ఆమె దాని మీద చెయ్యి వేసింది. కింద ఎంతో లోతున బండలు, వాటి మధ్య నురగలు కక్కుతున్న సముద్రం.

వాడు ఇక్కడ నిలబడే ఉంటాడు. ఇంటికి వెళ్ళి అమ్మకేం చెప్పాలి? గోడ బాగుందనా?

"అక్కడ కాదమ్మా," మళ్ళీ అదే గొంతు. "కింద, ఆ నల్లబండ దగ్గర..."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"కింద ఇంకో వింత ఉందా? అది చూపించి చెయ్యి చాస్తావా? ఏడవడానికైనా ఒక్క నిమిషం వదలరా మీరు?"

అతని మొహం చిన్నబోయింది.

"నాకేం వద్దమ్మా. మీరు కాస్త నెమ్మదించాక..."

"నేను నెమ్మదించను! జిడ్డులా పట్టుకున్నావు. వెళ్ళు ముందు!"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. అతను తువ్వాలు భుజాన వేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆమె గోడకు ఆనుకుని కరువుతీరా ఏడ్చింది. తర్వాత మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. తాళం అలాగే ఉంది.

కోట మూసే వేళకు నీరసంగా గేటు దగ్గరికొచ్చింది. కాపలాదారు ఎదురొచ్చాడు.

"మాట్లాడారామ్మా అతనితో?"

"ఎవరితో?"

"కాలు ఈడుస్తాడు చూడండి, అతనితో. ఆ సంగతి ఎత్తొద్దని మాకు పైనుంచి గట్టిగా చెప్పారు. నేను నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే అతన్ని మీ దగ్గరికి పంపాను."

ఆమె గబుక్కున వెనక్కి తిరిగి కోటవైపు చూసింది.

"ఎక్కడున్నాడిప్పుడు?"

కాపలాదారు కొండ కిందికి చూపించాడు. మలుపుల దారిలో బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ దిగిపోతోంది.

"ఇక్కడ గోడ పని అయిపోయింది కదమ్మా. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇల్లూ వాకిలీ లేని మనిషి, ఫోనూ లేదు. పని ఎక్కడుంటే అదే ఊరు."

"ఇంతకీ ఎవరతను?"

"మీ తమ్ముడు పడ్డప్పుడు మేమంతా పైన నిలబడి అరుస్తుంటే, నడుముకి తాడు కట్టుకుని కిందికి దిగి, ఊపిరి ఆగేదాకా తల ఒళ్ళో పెట్టుకుని, ఆ అబ్బాయి చెప్పిందంతా విన్నది ఆ ఒక్కడేనమ్మా."