ఆయ్ లేని చోటు

“ఎక్కడ చెయ్యి వేసినా అరుస్తున్నారు డాక్టర్!” అంటూ లూసియా ఇంగ్లీషులో కంగారుపడింది. స్పెయిన్ నుంచి నెల్లాళ్ల శిక్షణకి అమలాపురం ఆసుపత్రికి వచ్చిన మెడికల్ స్టూడెంట్ ఆమె. మంచం మీద కడుపునొప్పితో కొబ్బరి రైతు అబ్బులు.

“అరుస్తున్నారా? ఏదీ, మళ్లీ చూడు,” అంది డాక్టర్ మంజూష, చీటీ మీద గ్యాస్ మాత్ర రాస్తూనే.

లూసియా తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, “నొక్కుతానండి,” అంది.

“ఆయ్,” అన్నాడు అబ్బులు.

“చూశారా!”

మంజూష పగలబడి నవ్వింది. “అది నొప్పి కాదు తల్లీ, మర్యాద! మా కోనసీమలో ఆయ్ అంటే అలాగేనండి అని.”

“మా స్పెయిన్‌లో ఆయ్ అంటే అమ్మో, నొప్పి అని!”

లూసియాకు సిగ్గేసింది. అయినా చెయ్యి ఆపలేదు. బొడ్డు పైన నొక్కింది. “ఆయ్.” ఎడమ పక్కన నొక్కింది. “ఆయ్.” కుడివైపు కింద నొక్కింది.

అబ్బులు మాట్లాడలేదు. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, దుప్పటి మాత్రం గుప్పిట్లో నలిగిపోయింది.

“డాక్టర్, ఇక్కడ ఆయ్ లేదు!”

మంజూష కలం ఆగింది. తనే వచ్చి అక్కడ నొక్కి చూసింది. అపెండిక్స్!

“ఇంత నొప్పి పెట్టుకుని, ఇందాక నేను గ్యాసేనా అంటే ఆయ్ అన్నారేంటండి?”

“తమరంతటివారు అడిగాక, కాదంటే ఏం బాగుంటుందండి?”

మంజూష నవ్వలేదు. చీటీ చింపేసి, “లూసియా, థియేటర్ రెడీ చెయ్యమను,” అంది.

“ఆయ్!” అంది లూసియా.